డబ్బులు మీ ఖాతాలో పడ్డాయా? చిన్న వ్యాపారులు ఆన్‌లైన్ మోసాలకు చిక్కకుండా చేసుకోవాల్సిన ఏర్పాట్లు

చిన్న షాపును మోసం చేసేవాడికి పెద్ద సాంకేతిక పరిజ్ఞానం అక్కర్లేదు. సాయంత్రం రద్దీ, మీ తొందర, కస్టమర్‌ను గట్టిగా అడగలేని మొహమాటం ఉంటే చాలు. అందుకే కిందచెప్పే ఏర్పాట్లన్నిటికీ మూలం ఒకటే: డబ్బు పడిందో లేదో మీ ఖాతాలో మీరే చూసుకోవాలి, మీ పేరు మీద ఏం నడుస్తోందో మీరే వెళ్లి చూసుకోవాలి. ఎదుటివాడి ఫోన్ తెర, ఎవరో పంపిన మెసేజ్, ఎవరో చేసిన కాల్ దేనికీ రుజువు కావు. కిరాణా కొట్టు, బట్టల షాపు, టిఫిన్ సెంటర్, మొబైల్ షాపు, ఇంటి నుంచి వాట్సాప్‌లో చీరలు అమ్మేవాళ్లు అందరికీ ఇవే పనికొస్తాయి.

షాపు ఖాతా వేరు, ఇంటి ఖాతా వేరు

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇది. ఇంటి పొదుపు, పిల్లల ఫీజులు, చీటీ డబ్బులు ఉన్న ఖాతాకే షాపు స్కానర్‌ను కలిపేస్తే, మోసం జరిగినా, పోలీసు ఫిర్యాదు వల్ల ఖాతా ఆగిపోయినా ఇల్లంతా ఆగిపోతుంది.

1. షాపు పేరు మీద కరెంట్ ఖాతా తెరవండి. అది కుదరకపోతే కనీసం వేరే బ్యాంకులో ఒక ఖాతా పెట్టుకోండి.
2. స్కానర్, సౌండ్ బాక్స్, కార్డు మెషీన్ అన్నీ ఆ ఖాతాకే కలపండి.
3. ఆ ఖాతాకు వేరే సిమ్ తీసుకోండి. ఆ నంబరును బోర్డు మీదా, విజిటింగ్ కార్డు మీదా వేయకండి. కస్టమర్లకు ఇచ్చే నంబరు, బ్యాంకు ఓటీపీలు వచ్చే నంబరు ఒకటే అయితే దొంగ పని సగం తేలికవుతుంది.
4. రోజూ షాపు మూసేముందు మరుసటి రోజు కొనుగోళ్లకు కావలసినంత ఉంచి, మిగతాది రెండో ఖాతాకు మార్చండి. ఆ రెండో ఖాతాకు యూపీఐ పెట్టకపోవడమే మేలు.

కౌంటర్ దగ్గర ఎలా చూసుకోవాలి

నకిలీ పేమెంట్ యాప్‌లలో షాపు పేరు, మొత్తం, తేదీ కొడితే అచ్చం ఫోన్‌పే, గూగుల్ పే తెరలాగే పచ్చ టిక్కుతో సహా కనబడుతుంది. కొన్నిటిలో టింగుమనే శబ్దం కూడా వస్తుంది. కాబట్టి కస్టమర్ ఫోన్‌ను ఎంత పరీక్షగా చూసినా లాభం లేదు. చూడాల్సిన చోట్లు మూడు: సౌండ్ బాక్స్, మీ మర్చంట్ యాప్‌లోని లావాదేవీల జాబితా, బ్యాంకు ఖాతా.

సౌండ్ బాక్స్‌ను పూర్తిగా నమ్ముకుంటే వచ్చే చిక్కు, నెట్‌వర్క్ పోయినప్పుడు అది మూగబోవడం. చార్జింగ్ అయిపోయినా, ఎవరైనా సౌండ్ తగ్గించినా అంతే. అలాంటప్పుడు ఇద్దరు ముగ్గురు కస్టమర్లు ఒకేసారి "కొట్టాను అన్నా" అంటే, ఎవరిది పడిందో ఎవరిది పడలేదో తెలియదు. మొత్తంతో పాటు పేరు కూడా కనబడేలా మర్చంట్ యాప్‌ను కౌంటర్ ఫోన్‌లో ఎప్పుడూ తెరిచి ఉంచండి. రద్దీలో 200 రూపాయల చెల్లింపులు నాలుగు వరసగా వస్తే, యాప్‌లో పేరు చూసి ఆ మనిషిని పేరుతో అడగండి. అనుమానం వస్తే ప్రతి చెల్లింపుకూ విడిగా ఉండే 12 అంకెల గుర్తింపు సంఖ్య, అంటే యూటీఆర్ నంబరు అడిగి మీ యాప్‌లో వెతకండి. డబ్బు నిజంగా మీకు వచ్చి ఉంటే అదే నంబరు మీ వైపు కూడా ఉంటుంది.

మెసేజ్ చూసి నమ్మే అలవాటు ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి. బ్యాంకు మెసేజ్ అక్షరాల పేరుతో వస్తుంది, పది అంకెల మామూలు మొబైల్ నంబరు నుంచి రాదు. ఆ పేరు చివర గీత పక్కన టీ అనే అక్షరం ఉంటే అది లావాదేవీ మెసేజ్, ఎస్ ఉంటే సేవల మెసేజ్, పీ ఉంటే ప్రచారం, జీ ఉంటే ప్రభుత్వానిది. "మీ ఖాతాలో 5,000 జమ అయింది" అని మామూలు నంబరు నుంచి వస్తే, అది ఎవడో టైపు చేసి పంపిందే.

నిజాయతీ గల కస్టమర్‌కూ ఇబ్బంది వస్తుంది: అతని ఖాతాలో డబ్బు కట్ అవుతుంది, మీకు పడదు. గొడవ పడకండి. అలా ఆగిపోయిన యూపీఐ చెల్లింపును వెనక్కి వేయడానికి రిజర్వు బ్యాంకు 2019లో గడువు పెట్టింది. షాపుకు చేసిన చెల్లింపు అయితే లావాదేవీ జరిగిన రోజు కాక మరో 5 రోజుల లోపు, మనిషికి మనిషి పంపింది అయితే మరుసటి రోజు లోపు తిరిగి జమ చేయాలి. ఆ గడువు దాటితే బ్యాంకు రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఈ మాట చెప్పి, డబ్బులు పడేదాకా వేరే విధంగా చెల్లించమనండి. తెలిసిన మనిషి అయితే అప్పు పుస్తకంలో రాసుకోండి. తెలియని మనిషి 40,000 రూపాయల ఫోన్ పట్టుకుని "పెండింగ్‌లో ఉంది, కాసేపట్లో పడుతుంది" అంటే, పడేదాకా ఫోన్ కౌంటర్ ఇవతలే ఉండాలి.

స్కానర్ మీద స్కానర్

రాత్రి షట్టర్ దించాక బయట గోడ మీద ఉన్న మీ స్కానర్ పైన తన స్టిక్కర్ అతికించి పోయేవాళ్లున్నారు. మర్నాడు డబ్బులన్నీ వాడికి పోతాయి, సౌండ్ బాక్స్ మాత్రం పలకదు. పొద్దున్నే షాపు తెరవగానే ఇంకో ఫోన్‌తో మీ స్కానర్లన్నిటినీ ఒకసారి స్కాన్ చేసి పేరు చూసుకోండి. ఒక రూపాయి పంపి సౌండ్ బాక్స్ పలికేదాకా ఆగండి. స్కానర్‌ను గాజు పలక లోపల పెట్టండి, అంచుల మీద పెన్నుతో సంతకం చేయండి. బయట అతికించినవి తీసేయండి. తోపుడు బండి వాళ్లు రాత్రికి స్కానర్ కార్డును ఇంటికి తీసుకెళ్లాలి. "స్కాన్ చేస్తే ఈ పేరు రావాలి" అని కస్టమర్లకు కనబడేలా పెద్ద అక్షరాలతో రాసి పెడితే, మోసాన్ని మొదట కస్టమరే పట్టుకుంటాడు.

డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు

ఫోన్‌లో పెద్ద ఆర్డర్ వస్తుంది. "ఆర్మీ క్యాంపు నుంచి మాట్లాడుతున్నాం, 50 కిలోల స్వీట్లు కావాలి, అడ్వాన్స్ పంపుతాం" అంటారు. గుర్తింపు కార్డు ఫొటో పంపుతారు. తర్వాత ఒక క్యూఆర్ కోడ్ పంపి, "మా పద్ధతి ఇలాగే ఉంటుంది, దీన్ని స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మీకు వస్తుంది" అంటారు. నమ్మకం కుదరడానికి ముందు ఒక రూపాయి పంపి, తర్వాత రెండింతలు వెనక్కి వేస్తామని కూడా అంటారు. యూపీఐ పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, బ్యాలెన్స్ చూసుకోవడానికి. డబ్బు మీ వైపు రావడానికి పిన్ ఎక్కడా ఉండదు. స్కాన్ చేయడమూ ఉండదు.

ఒకరినొకరు డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులను యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేసింది. వ్యాపార ఖాతాల నుంచి వచ్చే రిక్వెస్టులు, డబ్బు దానంతటదే కట్ అయ్యే ఆటోపే అనుమతులు మాత్రం ఇంకా ఉన్నాయి. తెర మీద "పే", "అప్రూవ్" అనే మాట కనబడితే డబ్బు మీ దగ్గర నుంచి పోతోందని అర్థం. యాప్‌లో ఆటోపే భాగం తెరిచి, నెలకోసారి గుర్తులేని అనుమతులన్నీ రద్దు చేయండి.

పెద్ద ఆర్డర్ నిజమో కాదో తేల్చడానికి తేలికైన దారి ఒకటుంది: బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఇచ్చి "ఇందులో వేయండి, పడ్డాక సరుకు పంపిస్తాం" అనండి. నిజంగా కొనేవాడు వేస్తాడు.

నగదు ఇమ్మనేవాళ్లు, ఎక్కువ పంపామనేవాళ్లు

దీన్ని వ్యాపారులు మోసంగా గుర్తించరు, అందుకే ఎక్కువ నష్టపోతున్నారు. "అన్నా, ఏటీఎంలో డబ్బుల్లేవు, 20,000 ఫోన్‌పే కొడతా, క్యాష్ ఇవ్వు, 200 ఉంచుకో." డబ్బులు నిజంగానే పడతాయి, సౌండ్ బాక్స్ పలుకుతుంది. కానీ ఆ 20,000 ఎక్కడో ఎవరి ఖాతా నుంచో దోచింది అయి ఉండొచ్చు. ఆ బాధితుడు సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫిర్యాదు చేయగానే డబ్బు ఏయే ఖాతాల గుండా పోయిందో బ్యాంకులు వెనకాలే వెతుక్కుంటూ వస్తాయి. చివరి ఖాతా మీది. నగదు తీసుకున్నవాడి పేరు ఎక్కడా ఉండదు. మీ ఖాతాలో ఆ మొత్తాన్ని ఆపుతారు, కొన్నిసార్లు ఖాతా మొత్తం ఆగిపోతుంది. బంగారం కొట్లు, మొబైల్ షాపులు, పెట్రోలు బంకులు, డబ్బు బదిలీ చేసే సెంటర్లు దీనికి ఎక్కువగా దొరికిపోతాయి, ఎందుకంటే అక్కడ డబ్బును వెంటనే నగదుగానో వస్తువుగానో మార్చుకోవచ్చు.

యూపీఐ తీసుకుని నగదు ఇవ్వడం మీ షాపులో ఉండకూడదు. రోజూ వచ్చే మనిషికి తప్ప అని మినహాయింపు పెట్టుకున్నా, ఆ మినహాయింపు ఎవరికి వర్తిస్తుందో పనివాళ్లకు స్పష్టంగా చెప్పండి. ఖరీదైన వస్తువుకు అపరిచితుడు చెల్లిస్తే, బిల్లు మీద అతని పేరు, ఫోన్ నంబరు, యూటీఆర్ రాయండి. చెల్లింపులో వచ్చిన పేరు, ఎదురుగా ఉన్న మనిషి పేరు వేరైతే ఎందుకో అడగండి. సీసీ కెమెరా ఉంటే దాని రికార్డింగ్ కనీసం 30 రోజులు నిలిచేలా పెట్టించుకోండి. ఫిర్యాదు మీదాకా వచ్చేసరికి వారాలు గడుస్తాయి.

"పొరపాటున 5,000 ఎక్కువ పంపాను, ఈ నంబరుకు వేయండి" అని ఫోన్ వస్తే రెండు అవకాశాలున్నాయి: అసలు ఏమీ పడకపోయి ఉండొచ్చు, లేదా దోచిన డబ్బు పడి ఉండొచ్చు. ముందు ఖాతా చూడండి. నిజంగా పడి ఉంటే కొత్త నంబరుకు పంపకండి. మర్చంట్ యాప్‌లో ఆ లావాదేవీకే రిఫండ్ అనే ఎంపిక ఉంటే అది వాడండి, డబ్బు వచ్చిన ఖాతాకే పోతుంది. లేకపోతే "మీ బ్యాంకులో ఫిర్యాదు చేయండి, మా బ్యాంకు అడిగితే ఒప్పుకుంటాం" అని చెప్పి, మీ బ్యాంకుకు కూడా ఈమెయిల్ పెట్టండి.

ఖాతా ఆగిపోతే చేయాల్సింది:

1. బ్యాంకు శాఖకు వెళ్లి ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రంలో ఏ పోలీసు స్టేషన్, ఏ లావాదేవీ, ఎంత మొత్తం అనేవి రాతపూర్వకంగా అడగండి.
2. ఆ రోజు బిల్లు, స్టాకు పుస్తకం, జీఎస్టీ లెక్క, కెమెరా దృశ్యాలు జతచేసి ఆ స్టేషన్ దర్యాప్తు అధికారికి ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపండి.
3. వివాదంలో ఉన్న మొత్తాన్ని మాత్రమే ఆపి మిగతా ఖాతా వదలమని ఆ లేఖలోనే కోరండి.
4. స్పందన రాకపోతే వకీలు ద్వారా మేజిస్ట్రేట్ కోర్టును ఆశ్రయించవచ్చు.

ఫోన్ చేసి "5,000 ఇస్తే ఖాతా తెరిపిస్తాం" అనేవాడు పోలీసు కాదు.

మీ కరెంట్ ఖాతాను "నెల రోజులు వాడుకుంటాం, శాతం ఇస్తాం" అని ఎవరైనా అడిగితే అక్కడితో మాట ఆపేయండి. కరెంట్ ఖాతాలో రోజుకు లక్షలు తిరిగినా ఎవరికీ అనుమానం రాదు కాబట్టే వాళ్లకు షాపు ఖాతాలు కావాలి. దొరికినప్పుడు నిందితుల జాబితాలో ఉండేది ఖాతాదారు పేరు.

షాపుకు వచ్చే "కంపెనీ మనిషి"

యాప్ కంపెనీ టీషర్టు వేసుకుని వస్తాడు. "సౌండ్ బాక్స్ అద్దె తీసేస్తాం, కేవైసీ చేయాలి, ఒకసారి ఫోన్ ఇవ్వండి" అంటాడు. చేతికి ఫోన్ ఇచ్చిన రెండు నిమిషాల్లో డబ్బు పంపేయడం, మీ పేరు మీద యాప్‌లోనే వ్యాపార రుణం తీసుకుని మళ్లించడం జరిగిపోతుంది. అన్‌లాక్ చేసిన ఫోన్ ఎవరి చేతికీ ఇవ్వకండి. ఏం నొక్కాలో అతను నోటితో చెప్పాలి, మీరు నొక్కాలి. పిన్, ఓటీపీ అడిగే తెర వస్తే ఆగిపోయి, యాప్ లోపల ఉన్న సహాయం భాగం నుంచి కంపెనీకి మాట్లాడండి.

కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతకడం కూడా ఇలాంటి ప్రమాదమే. అక్కడ దొరికేవాటిలో దొంగలు పెట్టిన నంబర్లుంటాయి. బ్యాంకు నంబరు డెబిట్ కార్డు వెనక ఉంటుంది. బ్యాంకు వెబ్‌సైట్లు ఇప్పుడు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చివరతో ఉండాలని రిజర్వు బ్యాంకు 2025లో నిబంధన తెచ్చింది, ఆ చివర చూసుకోండి. ఎనీడెస్క్ లాంటి తెర చూపించే యాప్‌ను ఎవరు వేసుకోమన్నా వద్దు. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా, బ్యాంకు రివార్డు అంటూ వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ వేసే ఫైలు) తెరిస్తే అది మీ మెసేజ్‌లు చదివి ఓటీపీలను బయటికి పంపగలదు. పెళ్లి పత్రిక ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది తప్ప యాప్‌గా రాదు.

చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. ఫీజు అడిగే సైటు ప్రభుత్వానిది కాదు.

మీ పేరును కాపాడుకోవడం

షాపు లైసెన్సుకు, అద్దె ఒప్పందానికి, కరెంటు మీటరుకు అంటూ మనం ఇచ్చే ఆధార్, పాన్ జిరాక్సులు ఎక్కడెక్కడో ఉండిపోతాయి. వాటితో సిమ్‌లు, రుణాలు, దొంగ జీఎస్టీ రిజిస్ట్రేషన్లు కూడా పుడతాయి. నకిలీ కంపెనీ మీ పాన్ మీద కోట్ల రూపాయల బిల్లులు రాస్తే నోటీసు మీ ఇంటికి వస్తుంది. మూడు నెలలకోసారి ఒక గంట కేటాయించి ఇవి చూసుకోండి:

1. జీఎస్టీ పోర్టల్‌లో పన్నుదారుల శోధన కింద పాన్‌తో వెతికే వీలుంది. లాగిన్ అక్కర్లేదు. మీ పాన్ మీద ఏయే రాష్ట్రాల్లో ఎన్ని రిజిస్ట్రేషన్లు ఉన్నాయో కనబడుతుంది. జీఎస్టీ నంబరు 37తో మొదలైతే ఆంధ్రప్రదేశ్, 36తో మొదలైతే తెలంగాణ. మీది కాని రాష్ట్రం కనబడితే వెంటనే ఫిర్యాదు చేయండి.
2. టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఉన్న సిమ్‌లు చూడండి. ఒకరి పేరున గరిష్ఠంగా 9 ఉండొచ్చు. మీది కాని నంబరు ఉంటే అక్కడే "నాది కాదు" అని నమోదు చేయండి.
3. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ ఈ నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి క్రెడిట్ రిపోర్టు (మీ పేరున ఉన్న రుణాల వివరాలు) ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకు ఒక సంస్థ చొప్పున తీసుకుంటే ఏడాదంతా నిఘా ఉన్నట్టే.
4. ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఏఐఎస్ (మీ పాన్ మీద నమోదైన ఆదాయం, లావాదేవీల పట్టిక) తెరిచి, మీకు తెలియని అమ్మకాలు, జమలు ఉన్నాయేమో చూడండి.

ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయడం తప్పనిసరి అనుకోండి. వేలిముద్ర, ఆధార్ నంబరు ఉంటే ఏ సెంటర్‌లోనైనా డబ్బు తీసే పద్ధతి ఉంది, దానికి ఓటీపీ ఉండదు. ఆస్తి రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలను నకలు తీసి ఇలా డబ్బు కాజేసిన కేసులు మన రెండు రాష్ట్రాల్లోనూ నమోదయ్యాయి. ఆధార్ యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ లాక్ పెట్టి, వేలిముద్ర అవసరమైన రోజున తాత్కాలికంగా తెరుచుకోవచ్చు. సందేహముంటే ఆధార్ సహాయ నంబరు 1947కు ఫోన్ చేయండి. కాపీ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. జిరాక్స్ మీద అక్షరాలు బొమ్మను దాటుతూ "ఫలానా షాపు అద్దె ఒప్పందానికి మాత్రమే", తేదీ, సంతకం రాయండి. జిరాక్స్ షాపు వాట్సాప్‌కు పంపితే, పని కాగానే మీ కళ్లెదుటే వాళ్ల కంప్యూటర్‌లో తీసేయించండి.

ఫోన్‌లో సిగ్నల్ ఉన్నట్టుండి పూర్తిగా పోయి, పక్కవాళ్లకు అదే కంపెనీ సిగ్నల్ ఉంటే తేలిగ్గా తీసుకోకండి. మీ సిమ్‌కు నకిలీ తీసి ఉండొచ్చు. ఇంకో ఫోన్ నుంచి వెంటనే సిమ్ కంపెనీకి, తర్వాత బ్యాంకుకు మాట్లాడండి.

సరుకు పంపేవారి ఖాతా "మారింది" అంటే

గుంటూరు మిర్చి వ్యాపారికి గానీ, సూరత్ చీరల హోల్‌సేల్ వ్యాపారికి గానీ పెద్ద మొత్తం పంపబోయే రోజునే "మా పాత ఖాతా ఆడిట్‌లో ఉంది, ఇందులో వేయండి" అని మెయిల్ వస్తే, ఆ మెయిల్‌కు జవాబివ్వకండి. అందులో ఉన్న నంబరుకూ ఫోన్ చేయకండి. మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు చేసి, గొంతు గుర్తుపట్టి అడగండి. బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు పంపే నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో కూడా ఖాతాదారు పేరు చూపించే సౌకర్యాన్ని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ నుంచి తెచ్చింది. పేరు సరిపోకపోతే ఒక్క రూపాయి కూడా కదలకూడదు.

డబ్బు పోయిందని తెలిసిన మొదటి గంట

దొంగ డబ్బును నిమిషాల్లో నాలుగైదు ఖాతాలు దాటించి ఏటీఎంలో తీసేస్తాడు. అందుకే వరస ముఖ్యం.

1. 1930కి ఫోన్ చేయండి. యూటీఆర్, మొత్తం, సమయం, మీ బ్యాంకు పేరు చేతిలో పెట్టుకోండి. లైన్ కలవకపోతే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మీరే నమోదు చేయండి.
2. అదే సమయంలో ఇంకొకరి చేత బ్యాంకు నంబరుకు ఫోన్ చేయించి, యూపీఐ, కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. ఫిర్యాదు నంబరు తీసుకోండి.
3. ఏపీకే ఫైలు తెరిచి ఉంటే ముందుగా ఫోన్‌ను ఇంటర్నెట్ నుంచి తెంచండి. ఫోన్ రీసెట్ చేయకండి, ఆధారాలు పోతాయి.
4. మెసేజ్‌లు, కాల్ జాబితా, చాట్‌ల స్క్రీన్‌షాట్లు తీసి, దగ్గర్లోని స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి.

బ్యాంకు బాధ్యత గురించి రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన ఉత్తర్వు గుర్తుంచుకోండి. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాళ్ల వల్ల డబ్బు పోయి, బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 3 పనిదినాల్లో తెలిపితే నష్టం మీకు ఉండదు. 4 నుంచి 7 పనిదినాల మధ్య తెలిపితే చిన్న పరిశ్రమల కరెంట్ ఖాతాకు మీ భారం 10,000 రూపాయలు దాటదు. పిన్‌గానీ ఓటీపీగానీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపే క్షణం వరకు జరిగిన నష్టం మీది, ఆ తర్వాత జరిగింది బ్యాంకుది. చెప్పుకోవడానికి సిగ్గుపడి గడిపే ప్రతి గంటా మీ ఖర్చే. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సహాయానికి 14448.

ఎక్కడో ఖాతాలో ఆపగలిగిన డబ్బు కోర్టు ఉత్తర్వుతో వెనక్కి రావచ్చు. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇలా ఇప్పించారు. ఈ ప్రక్రియ నడుస్తుండగా "మీ డబ్బు తిరిగి తెస్తాం, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని ఫోన్లు వస్తాయి. మీరు ఎంత పోగొట్టుకున్నారో కూడా వాళ్లు చెప్పగలరు, ఎందుకంటే ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు ఒక దొంగ నుంచి ఇంకో దొంగకు చేరుతుంటాయి. పైసా కట్టకండి, ఆ నంబరును కూడా మీ పాత ఫిర్యాదుకు జతచేయండి.